వాకిట్లో కుట్టిన పడవ

మా ఇంట్లో పడవ తయారవుతోందంటే మొదట వీధిలో ఎవరూ నమ్మలేదు. ఇల్లందులో పడవేమిటి? ఊరి కింద బొగ్గు, ఊరి మీద దుమ్ము. ఎదురింటావిడ మా గేటు పట్టుకుని లోపలికి తొంగి చూసి, "ఏందమ్మా, మీ ఆయన రిటైరయినంక గోదావరి మీద తిరుగుతడా ఏంది?" అని పరాచికమాడింది. "తిరిగితే తిరగనియ్యి, ఈతొస్తే గదా ఒడ్డుకొచ్చేది" అన్నాను. ఆమె నవ్వింది. నేను నవ్వులాటకు అనలేదు. మా ఆయనకు నిజంగానే ఈత రాదు.

పడవ వాళ్ల అక్క కోసం. నాకు ఆడబిడ్డ, నేను వదినా అని పిలుస్తాను. భద్రాచలం వైపు పోతూ తారురోడ్డు దిగి అడవిలోకి మళ్లితే ఒక వాగు వస్తుంది. వాగు అవతల ఆమె పల్లె. మొగుడు పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ఒక పెంకుటిల్లు, కాస్త చెలక భూమి, నాలుగు మేకలు, ఇంతే ఆమె సంసారం. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు మా టౌన్ దవాఖానకు వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. తప్పిందంటే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. ఎండాకాలంలో ఆ వాగులో ఇసుక తప్ప ఏమీ ఉండదు, ఆటోలు కూడా దాటుతాయి. వానలు పట్టుకుంటే మాత్రం వాగుకు అడ్డంగా వేసిన సిమెంటు చప్టా మునిగిపోతుంది. బ్రిడ్జి కోసమని ఎప్పుడో లేపిన పిల్లర్లు నీళ్ల మధ్య నిలబడి ఉంటాయి. వాటి మీద కొంగలు వాలతాయి, అంతకుమించి వాటితో ఎవరికీ పని లేదు.

నిరుడు వాగు ఎంతకీ తగ్గలేదు. చివరికి పల్లె మగవాళ్లు వదినను మంచం మీద పడుకోబెట్టి, ఆ మంచాన్ని భుజాలకెత్తుకుని ఛాతీ లోతు నీళ్లలో దాటించారు. దవాఖానలో చూసినప్పుడు నేనామెను గుర్తుపట్టలేదు. మొహం ఉబ్బి కళ్లు పూడుకుపోయాయి. ఊపిరి తీస్తుంటే లోపల నీళ్లు గరగరమంటున్నాయి. "ఇంకోసారి ఇంత లేటైతే మేం చేసేదేముండదమ్మా" అన్నాడు డాక్టరు. మా ఆయన అక్క చెప్పులు చేతిలో పట్టుకుని బయట గోడకానుకుని నిలబడ్డాడు. ఆ చెప్పులు కింద పెట్టాలని కూడా ఆయనకు తోచలేదు.

మరి వానాకాలం నాలుగు నెలలూ మా ఇంట్లో ఉండొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. అక్కడే ఉంది నా కడుపుమంటంతా.

జబ్బు బయటపడ్డ కొత్తలో ఒక వేసవి మా ఇంట్లోనే ఉంది. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు నాకు చెప్పాడు. ఆమెకూ చెప్పాడు గానీ ఆమె విననట్టే ఉంది. నేనొక చిన్న స్టీలు గ్లాసు తీసి, మేకుతో దానికి గీత గీసి, ఆ గీత వరకే పోసేదాన్ని. బయట ఎండ చూస్తే మనుషులు మాడిపోయేంత. "గొంతెండుతుంది మరదలా, ఒక్క గుక్క" అనేది. "లేదొదినా, పొద్దుగూకనియ్యి" అనేదాన్ని. తడిగుడ్డతో పెదాలు తుడిచేదాన్ని. నా గుండె పిండేసేది, చెయ్యి మాత్రం వంగేది కాదు. ఒకరోజు నేను కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి బజారుకు పోయిన సందు చూసుకుని మా ఆయన అక్కకు చెంబెడు మజ్జిగ పోసిచ్చాడు. సాయంత్రానికి ఆమెకు ఆయాసం, మాకు ఆటో, దవాఖాన, ఉరుకులు పరుగులు.

మజ్జిగ పోసినవాడు మంచివాడయ్యాడు, నీళ్లు కొలిచినదాన్ని నేను పాపిష్టిదాన్నయ్యాను. పల్లెకు పోయి వదిన అన్న మాట ఒకటే: "తమ్ముని పెండ్లం నాకు నీళ్లు కొలిచి పోసింది." గడపలోకి వచ్చిన పగవాడికైనా ముందు చెంబెడు నీళ్లిచ్చే మా వైపు, ఆడదాని మీద అంతకంటే చెడ్డ మాట లేదు. తర్వాత ఒక పెళ్లిలో ముక్కూమొహం తెలియని ముసలమ్మ నా పక్కన కూర్చుని, "నువ్వేనా బిడ్డా, ఆడబిడ్డకు నీళ్లు పొయ్యనిది?" అని మెల్లగా అడిగింది. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. ఆ రోజు ఏడ్చిన ఏడుపు నేను మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

అప్పటి నుంచి వదిన మా ఇంట్లో ఉండదు. డయాలసిస్ అయ్యాక బస్సు టైము దాకా వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. గడప దాటి లోపలికి రాదు, నా చేతి నీళ్లు ముట్టదు. మా ఆయన ఆమెతో "డాక్టరు చెప్పినట్టే చేసిందక్కా, దానిదేం తప్పులేదు" అనలేదు. "మజ్జిగ ఇచ్చింది నేను, అందుకే నీకు ఆయాసమొచ్చింది" అని అసలే అనలేదు. తల్లి పోతే తలమీద కట్టెల మోపులు మోసి పెంచిన అక్క. ఆమెకు కాదు, లేదు అనే మాటలు ఆయన నోట పుట్టినప్పటి నుంచీ రాలేదు. ఆ ఒక్క మాట అనలేక పడవ చేస్తానన్నాడు.

"ఓ మాట చెప్పడానికి నోరు రాక పడవ జేస్తవా?" అని మొహం మీదే అడిగాను.

"మాటకు వాగు దిగుతదా?" అన్నాడు.

ఈయన బొగ్గుబావిలో టింబర్‌మ్యాన్‌గా చేశాడు. అంటే భూమి లోపల బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. ఆఖరి ఏళ్లలో దుంగలు తగ్గి బోల్టులు వచ్చాయి. పైకప్పుకు రంధ్రం వేసి, అందులో బంక గొట్టాలు దూర్చి, ఇనుప కడ్డీని తిప్పుతూ ఎక్కిస్తే క్షణాల్లో బిగుసుకుంటుందట. అందుకని రెండు డబ్బాలుగా వచ్చి, కలిపితే గట్టిపడే ఎపాక్సీ బంక ఇంటికి రాగానే పాత చుట్టాన్ని చూసినట్టు మురిసిపోయాడు. "భూమిని పట్టుకుని ఆపిన బంకే ఇది. వాగునాపదా?" అన్నాడు. రెండూ ఒకే బంక కాదని మాకప్పుడు తెలియదు.

ఫోన్‌లో వీడియోలు చూశాడు. ఖమ్మం నుంచి నీళ్లకు ఆగే సన్న ప్లైవుడ్ తెప్పించాడు. వాకిట్లో పరిచి, పెన్సిల్ చెవిలో పెట్టుకుని, రోజంతా దాని చుట్టూ తిరిగాడు. బల్లపరుపు చెక్క పడవ బొజ్జలా ఎలా వంగుతుందో ఆయనకు అంతుపట్టలేదు. నేను కుట్టుమిషను దగ్గర నుంచి చూసీ చూసీ విసుగొచ్చి లేచాను. "జరుగు" అన్నాను. జాకెట్ గుడ్డ కూడా బల్లపరుపే కదా. అంచుల్ని వంకరగా కోసి, ఆ వంకర రెండూ కలిపి కుడితే గుడ్డ తనంతట తానే లేస్తుంది. పాత పేపర్లు కత్తిరించి, గుండుసూదులు పెట్టి, అరచేతంత పడవ చేసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వు ముందే చెప్పొద్దా?" అని నామీదే ఎగిరాడు.

ఆ పద్ధతి పేరే కుట్టి అతికించడం. ప్లైవుడ్ అంచుల వెంట సన్న రంధ్రాలు వేసి, మోటార్లు చుట్టే కొట్టు నుంచి తెచ్చిన రాగి తీగతో రెండు పలకల్నీ జత చేసి కుట్టాం. రంధ్రాలు ఆయన వేశాడు, కుట్లు నేను వేశాను. పట్టకారుతో ఒక్కో కుట్టూ మెలిపెట్టి బిగిస్తుంటే నేలమీద చచ్చినట్టు పడున్న చెక్కలు కిర్రుమంటూ లేచి, ముందు కొస దగ్గరికొచ్చి, పడవైపోయాయి. ఇంత పెద్ద జాకెట్ నేను జన్మలో కుట్టలేదు. ఆ రోజు నాకు సంతోషమైంది, దాచుకోవడం దేనికి! నన్ను పదిమందిలో పాపిష్టిదాన్ని చేసిన మనిషి కోసం ఇంత సంతోషపడ్డానేమిటని ఆ వెంటనే ఒళ్లు మండింది.

బంక దగ్గర ఈయన బావి అలవాటే పైకొచ్చింది. బావి బంకలాగే ఇదీ క్షణాల్లో పట్టేస్తుంది కాబట్టి జల్దీ జల్దీగా చేయాలి, అంతా ఒకేసారి కలపాలి అనుకున్నాడు. మే నెల ఎండలో, పెయింటు బకెట్లో, డబ్బాలు సగానికి పైగా వొంపి కర్రతో గిరగిరా తిప్పాడు. కాసేపటికి బకెట్ వేడెక్కింది. "ఏందిది, కాలుతుంది?" అంటూ చెయ్యి తీశాడు. పొగ లేచింది. బకెట్ అడుగు కరిగి, ఆ ముద్ద మా వాకిలి బండకు అతుక్కుంది. ఎదురింటావిడ గ్యాస్ పేలుతోందనుకుని రోడ్డుమీదికి ఉరికింది. నేను నెత్తీనోరూ మొత్తుకున్నాను. ఆయన మాత్రం ఆ పసుపుపచ్చ ముద్దను కాలితో తన్ని చూసి, "పట్టుడు మాత్రం మంచిగ పట్టింది" అన్నాడు. ఆ ముద్ద ఇప్పటికీ అక్కడే ఉంది, ఊడ్చేటప్పుడల్లా చీపురుకు తగులుతుంది.

అక్కడి నుంచి తెల్లారగట్ల చల్లపూట చిన్న గిన్నెల్లో కొద్దికొద్దిగా కలుపుకున్నాం. రంపపు పొట్టు జల్లించి బంకలో కలిపి, ఆ ముద్దతో కుట్ల సందులు పూడ్చాం. నా చేతులు దద్దుర్లెక్కి, జాకెట్లకు హుక్కులు కూడా కుట్టలేకపోయాను. బంక అంత వృథా అయ్యాక మిగిలిన దాంట్లో పట్టీలకు కాస్త దాచి, పడవకు బయట ఒక పలచని పూతే వేయగలిగాం. అసలు బలమంతా లోపలి వైపు కుట్ల మీద అతికించే ఫైబర్‌గ్లాస్ గాజుగుడ్డ పట్టీలదే. ఆ పట్టీ పట్టు వదిలితే కుట్టు విచ్చుకుంటుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

పట్టీలు అతికించే ముందురోజు ఆయన గాజుగుడ్డ కోసం ఖమ్మం పోయాడు. ఆ రోజు వదినకు డయాలసిస్ ఉందని నేను తాళం వేయకుండా తలుపు దగ్గరికేసి బజారుకు పోయాను. ఇద్దరం బస్టాండులో కలుసుకుని ఇంటికి వచ్చేసరికి వదిన అరుగు మీద లేదు. వాకిట్లో, పడవలో కూర్చుని ఉంది. చేతులు మోచేతుల దాకా పసుపు. పక్కన నా వంటింటి నూనె సీసా, నా పసుపు డబ్బా. నా గడప తొక్కనన్న మనిషి లోపలికి పోయి వాటిని తెచ్చుకుంది. పసుపులో నూనె కలిపి, ముందు కొస నుంచి వెనకదాకా లోపలి కుట్లన్నిటికీ పాముతోంది.

"గట్ల సూస్తరేంది? నూనె పసుపు పెట్టకుంట పిల్లను నీళ్లు పోసుకోమంటరా? పెండ్లిపిల్లకు పెట్టినట్టు పెట్టిన" అంది. నవ్వుతోంది. జబ్బు చేసినప్పటి నుంచి ఆమె అట్లా నవ్వగా నేను చూడలేదు.

మా ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. నూనె మీద ఎపాక్సీ పట్టదు. చెక్క మీద వేలిజిడ్డు కూడా ఉండొద్దని వీడియోల్లో ప్రతివాడూ చెప్పేదే. నేను నోరు తెరిచాను. ఆయన నా మణికట్టు పట్టుకుని నొక్కాడు.

"మంచిగ చేసినవక్కా" అన్నాడు.

ఆమె బస్సెక్కాక గుడ్డలు, థిన్నరు, గరుకు కాగితం తీసుకుని ఇద్దరం రుద్దుతూ కూర్చున్నాం. నోటికొచ్చినట్టు తిడుతూనే రుద్దాను. ముందు కొస దగ్గర లోపలి కుట్టు మీద ఆమె తన కుడిచెయ్యి మొత్తం ఆనించి అద్దిన గుర్తు ఉంది. గడపలకూ గాదెలకూ అద్దినట్టు ఐదు వేళ్లూ. "అది నేను తుడుస్తా, నువ్వు పోయి బువ్వొండు" అన్నాడు. తర్వాత అడిగితే "తుడిచిన" అన్నాడు.

తెల్లారి పట్టీలు పరిచి బంక పూశాం. గాజుగుడ్డ పొడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉంటుంది, బంక ఇంకగానే అద్దంలా మారి కింద ఉన్నదంతా కనిపిస్తుంది. ముందు కొస దగ్గర పట్టీ అద్దంలా మారగానే కింద నుంచి ఐదు వేళ్లు పైకి తేలాయి, పసుపుపచ్చగా, గీతలతో సహా. ఆయన తుడవలేదు. "పీకు, ఇంకా పచ్చిగనే ఉంది" అని అరిచాను. "ఒక్క కాడనే గదా. అక్క చెయ్యి నేనెట్ల తుడుస్తనే?" అన్నాడు. నేను పట్టీ అంచు పట్టుకోబోతే అడ్డం నిలబడ్డాడు. బంక బిగుసుకుంది. మిగిలింది కూడా ఏమీ లేదు.

వానలు మొదలయ్యాక ట్రాలీ ఆటోలో పడవను వాగు దగ్గరికి చేర్చాం. పల్లెవాళ్లు ఈ ఒడ్డు చెట్టుకూ ఆ ఒడ్డు చెట్టుకూ లావు తాడు కట్టారు. పడవకు ఇనుప కడియం తగిలించి, ఆ కడియంలోంచి తాడు పోనిస్తే పడవ కొట్టుకుపోకుండా, తాడు చేతులతో లాక్కుంటూ దాటొచ్చని మా ఆయన లెక్క. ఒక్కడే ఎక్కి ఒకసారి దాటి చూశాడు. చుక్క నీరు కారలేదు. ఒడ్డున నన్ను చూసి మీసం దువ్వాడు.

శ్రావణంలో ముసురు పట్టుకుని చప్టా మునిగింది. వదినకు డయాలసిస్ ఒకసారి తప్పిపోయింది. మరునాడు వాన తెరిపిచ్చింది గానీ వాగు ఎర్రగా పారుతూనే ఉంది. ఆయన దాటిపోయాడు. నేను ఆటోను పక్కన ఆపించి ఒడ్డున నిలబడ్డాను. అవతల వదినను ఇద్దరు పట్టుకుని పడవలో కూర్చోబెట్టడం కనిపించింది. చేతిలో గుడ్డసంచి. ఆయన నిలబడి తాడు లాగుతున్నాడు, ఆమె ముందు కొసకు ఒదిగి కూర్చుంది.

పిల్లర్ల దాకా బాగానే వచ్చారు. అప్పుడు పైనుంచి ఒక దుంగ కొట్టుకొచ్చి పడవ ముందు భాగానికి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు, గుద్దినట్టు తగిలి పక్కకు పోయింది. కాసేపటికి వదిన వంగింది. సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి నీళ్లు తోడి బయట పోయడం మొదలుపెట్టింది. ఆయన తాడు వదిలితే పడవ అక్కడే ఆగిపోతుంది, లాగుతూ ఉంటే నీళ్లు తోడలేడు. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమచేతికి చీపురు బరువు కూడా పెట్టొద్దని డాక్టరు చెప్పాడు. ఆమె ఆ చేత్తోనే తోడుతోంది. నేనేం అరిచానో నాకు గుర్తులేదు. ఒక్కటే తెలుసు, వాళ్లిద్దర్లో ఎవరు పోయినా నేను బతకలేననుకున్నాను. ఇద్దరి మీదా అంత కోపం ఉండి కూడా అనుకున్నాను.

నడుంలోతు నీళ్లలోకి దిగి పడవ అంచు పట్టుకుని లాగాను. లోపల పిక్కల దాకా నీళ్లు. ముందు కొస దగ్గర పట్టీ లేచి నాలుకలా వేలాడుతోంది. సరిగ్గా వేళ్లున్న చోటే. వేళ్లలో సగం చెక్కకు ఉండిపోయాయి, సగం పట్టీతో లేచొచ్చాయి. వదిన దాన్నే చూస్తోంది.

"దుంగ తగిలిందక్కా, అంతే. ఇంకేం లేదు" అన్నాడు మా ఆయన. ఆటోలో మళ్లీ అదే అన్నాడు. దవాఖాన మెట్ల మీద మళ్లీ అదే.

టైముకు చేర్చాం. సాయంత్రానికి ఆమె ఊపిరి సర్దుకుంది. వాగు మళ్లీ పెరిగిందని ఫోన్ వచ్చింది, ఇక మా ఇంటికి రాక తప్పలేదు. నా మిషను పక్కన గోడకానుకుని కూర్చుంది. మా ఆయన బంక డబ్బాలు దొరుకుతాయేమో కనుక్కొస్తానని బజారుకు పోయాడు. పోయేముందు గుమ్మం దగ్గర నన్ను ఆపి, "ఆమెకేం చెప్పకు" అన్నాడు.

ఆయన సందు మలుపు తిరిగాక వదిన పిలిచింది.

"మరదలా, ఇట్ల రా. నిజం చెప్పు. నా పసుపుతోనేనా ఊడింది?"

నేను గుమ్మం వైపు చూశాను. తర్వాత ఆమె దగ్గర కింద కూర్చున్నాను.

"అవ్ వదినా. నూనె మీద ఆ బంక పట్టదు. దుంగ తగిలింది నిజమే గనీ, నీ చెయ్యి పెట్టిన కాడనే లేచింది."

ఇప్పుడు లేచి సంచి తీసుకుని పోతుంది, దీన్ని కూడా పల్లెంతా చెబుతుంది అనుకున్నాను. ఆమె లేవలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది.

"మంచిగ చేసినవన్నడు నన్ను."

"అన్నడు."

"నాడు మజ్జిగ చెంబు గూడ వాడే ఇచ్చిండు. ఏం గాదక్కా, తాగు అన్నడు."

ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోటి నుంచి బయటికి రావడం అదే మొదలు. అవును కదా అని అరవాలనిపించింది, ఆ పెళ్లిలో ముసలమ్మను వెతికి పట్టుకొచ్చి వినిపించాలనిపించింది.

"వాడు నన్ను నొప్పియ్యడు పిల్లా" అంది. "నొప్పియ్యకుంటనే సంపుతడు."

బయట మళ్లీ చినుకులు మొదలయ్యాయి. వాకిట్లో ఆ బంక ముద్ద చుట్టూ నీళ్లు చేరుతున్నాయి. ఆమె అటే చూస్తూ అడిగింది.

"ఆ చిన్న గ్లాసుందా, పారేసినవా?"

"ఉంది."

అటక మీద పాత గిన్నెల వెనక ఉంది. తీసి, కడిగి తెచ్చాను. ఆమె దాన్ని చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి మేకు గీతను వెతికింది. దాని మీద బొటనవేలు ఆనించి, గ్లాసు నా ముందుకు చాపింది.

"గీత దాకా పొయ్యి."

పోశాను. నీళ్లు గీత దాటి కొంచెం పైకెక్కాయి. వదిన గ్లాసును కళ్ల ఎత్తుకు లేపి చూసి మళ్లీ నాకే ఇచ్చింది.

"ఎక్కువైంది, తియ్యి" అంది.